గూట్లో ముద్ద

బిడ్డ అన్నం తినడం లేదని నా దగ్గరికొచ్చి మొర పెట్టుకునే తల్లులను చూస్తే నాకు ముందు నవ్వొస్తుంది, తర్వాత ఒళ్లు మండుతుంది. గిన్నె పట్టుకుని వాకిలంతా తిరుగుతారు. కాకిని చూపిస్తారు, కుక్కను చూపిస్తారు, బిడ్డ నోరు తెరిచిందో లేదో ముద్ద కుక్కేస్తారు. అంతా చేసి "ఏమీ తినదు పెద్దమ్మా" అంటారు. తినకేం, సాయంత్రానికి తింటుంది. అమ్మ ఉన్న బిడ్డ ఎన్ని వేషాలు వేసినా చివరికి తింటుంది. నిజంగా తిననని మూతి బిగించిన బిడ్డను నా జన్మలో ఒక్కదాన్నే చూశాను. ఆ బిడ్డ చేత అన్నం తినిపించడమే నేను కాపురానికొచ్చి చేసిన మొదటి పని. బాగా చేసిన పని కూడా అదే. దానికి నాకు దక్కిన కూలి ఏమిటో చెబుతాను.

మా పుట్టినూరు రాచర్ల పక్కన. మా నాయనకు గొర్రెల మంద, కొంచెం మెట్ట చేను ఉండేవి. నన్ను గిద్దలూరు వైపు ఒక పల్లెలో రెండో సంబంధానికిచ్చారు. అప్పుడు పెద్ద యుద్ధం జరుగుతోంది. మాది కర్నూలు జిల్లా, పైన చెన్నపట్నం సర్కారు, ఆ పైన తెల్లదొరలు. వాళ్లెవరూ మా ఊరి ముఖం చూసినవాళ్లు కాదు గానీ, వాళ్ల యుద్ధం మాత్రం మా వంటింట్లోకి వచ్చి కూర్చుంది. బియ్యం దొరికేది కాదు. ఒక చోటి నుంచి ఇంకో చోటికి బియ్యం మూట కదిలిస్తే పట్టుకునేవాళ్లు.

నా పెనిమిటి మొదటి భార్య జ్వరం తగిలి పోయింది. ఆమెది కంభం. చెరువు కింద మాగాణి ఉన్న ఇల్లు, మూడు పూటలా వరి అన్నం తినే ఇల్లు. ఆమె పోయేటప్పటికి కూతురు చంటిది. ఏడాది పాటు అమ్మమ్మ తన దగ్గరే పెట్టుకుని పాలు, వరి అన్నం కలిపి పెంచింది. ఇంటికి ఆడది వచ్చింది కదా అని, నేను కాపురానికొచ్చిన నెలలోపే ఆ బిడ్డను నా ఒళ్లో పెట్టి పోయింది. దానికి మూడేళ్లు నిండుతున్నాయి. బిడ్డతో పాటు చిన్న బియ్యం మూట కూడా తెచ్చి, వాకిట్లో నిలబడి నాతో ఒకే మాట అంది.

"ఇదో అమ్మీ, నా కూతురును ఈ ఇంటికిస్తే బూడిద కూడా దక్కలా. ఈ బిడ్డ బక్కచిక్కిందని తెలిస్తే ఆ రోజే వచ్చి తీసకపోతా. మళ్లా నీకు చూపించను."

నాకు అప్పుడు పదిహేనో పదహారో. సరేనని తలూపాను. తలూపడం తప్ప ఆ వయసులో నాకేం తెలుసు?

బియ్యం మూట ఉన్నన్నాళ్లు ఏ గొడవా లేదు. మూట ఖాళీ అయింది. మర్నాడు కొర్రన్నం వండి, పాలు పోసి దాని ముందు పెట్టాను. వేలితో ఒక మెతుకు పక్కకు తోసి చూసింది. "ఇది అన్నం కాదు" అంది. జొన్నరొట్టె పెడితే చేతులు వెనక్కి కట్టుకుంది. సంకటి ముద్ద చూసి ఏడ్చింది. గోంగూర వాసన తగిలితే ముక్కు మూసుకుని గాదె వెనక దూరింది. తెల్లగా లేనిది ఏదీ దాని లెక్కలో తిండి కాదు.

మా అత్త మొరటు మనిషి. చెడ్డది కాదు, మొరటుది. పొలం పనికి పోతూ పోతూ బిడ్డను రెండు కాళ్ల మధ్య పడుకోబెట్టుకుని, "ఏందే అట్ల చూస్తాండావు, ముక్కు పట్టుకో. ఊపిరాడకపోతే అదే తెరుస్తాది" అనేది. నేను పట్టుకోకపోతే తనే పట్టుకునేది. నోరు తెరిచేది బిడ్డ, ముద్ద లోపలికి పోయేది, కానీ గొంతు దిగేది కాదు. ఆ ముద్దను బుగ్గన పెట్టుకుని పొద్దంతా తిరిగేది. సాయంత్రం రోలు కడగబోతే అందులో ఉమ్మిన సంకటి కనిపించేది. నాకు ఏడుపొచ్చేది. అత్త మీద కోపమో, బిడ్డ మీద జాలో, ఏదో తెలియని ఏడుపు.

బిడ్డ మెడ సన్నబడింది. మోచేతులు బయటికొచ్చాయి. బావి దగ్గర ఆడవాళ్లు బిందెలు ముంచుతూ నాకు వినబడేలాగే అనుకునేవాళ్లు.

"సవితి బిడ్డ కదా, ఎండగడతాంది."

"తల్లి చస్తే తండ్రి పినతండ్రని ఊరికే అన్నారా."

లోకులు కాకులు అని సరిపెట్టుకోవచ్చు. కానీ ఆ కాకులు కంభం దాకా ఎగరగలవు, అదీ నా భయం. అప్పటికే ఆ బిడ్డ నాకు పరాయిది కాకుండా పోయింది. తినని బిడ్డే అయినా నా కొంగు పట్టుకునే నిద్రపోయేది. కొంగు వదిలించుకుంటే లేచేది. నేను చీర కొంగు దాని చేతిలోనే ఉంచి, గోడకానుకుని కూర్చునేదాన్ని.

ఒకసారి మా నాయన నన్ను చూడ్డానికొచ్చాడు. అత్త బిడ్డకు తినిపించే పద్ధతి చూశాడు. వియ్యపురాలిని ఏమీ అనలేక ఊరుకుని, పోయేటప్పుడు నన్ను దొడ్లోకి పిలిచి చెప్పాడు.

"గొర్రెపిల్ల మూతిని గడ్డిలో అదిమితే అది మేయదు తల్లీ. దాని పక్కన మేసే గొర్రెను నిలబెట్టాల. దాన్ని చూసి ఇదీ మూతి పెడతాది. తొందరపడగాకు."

బాగానే ఉందనుకుని, మరుసటి రోజు నుంచి నేనే దాని పక్కన కూర్చుని తినడం మొదలుపెట్టాను. నేను రొట్టె తుంచుకుంటే అది నన్ను కాకుండా గోడ వైపు చూసేది. నేను ఎవరిని దానికి? నిన్న వచ్చిన మనిషిని. దాని పక్కన మేయాల్సిన గొర్రె నేను కాదు. ఆ గొర్రె మట్టిలో ఉంది.

ఇక్కడ మా ఇళ్ల పద్ధతి ఒకటి చెప్పాలి. మొదటి భార్య ముత్తయిదువగా పోతే, రెండో భార్యగా వచ్చినదాని మెడలో తాళితో పాటు ఆమె పేరిట ఒక చిన్న బంగారు బిళ్ల కూడా కడతారు. అది పోయినామె గుర్తు. కొత్త చీర కట్టినా, కొత్త గాజులు వేసినా, ఇంటికి కొత్త పంట వచ్చినా ముందు ఆమెకు చూపించాలి, తర్వాతే మనం ముట్టాలి. లేకపోతే ఆమె అలుగుతుందని, కలలోకొస్తుందని భయం. మా నడవలో గోడకు ఒక గూడు ఉండేది. అందులో మార్కాపురం పలకరాయి పరిచి, దాని మీద ఆమె చీర మడతపెట్టి, పసుపు కుంకుమ పెట్టి ఉంచేవాళ్లు. కొత్తది వండిన పూట ఒక ముద్ద అక్కడ పెట్టి, సాయంత్రం తీసి ఆవుకు పెట్టాలి. ఆ ముద్ద మనుషులు తినకూడదు. చచ్చినవాళ్లకు పెట్టిన కూడు తింటే వాళ్లు వెంట పిలుచుకుపోతారని అత్త నాకు మొదటి రోజే చెప్పింది.

ఆ యేడు కొర్ర పంట ఇంటికొచ్చింది. దంచి, వండి, మొదటి ముద్ద గూట్లో పెట్టాను. ఇంట్లో నేను, బిడ్డ తప్ప ఎవరూ లేరు. బిళ్లను కళ్లకద్దుకుని అలవాటుగా అన్నాను.

"అక్కా, కొత్త కొర్రలు. ముందు నువ్వు తిను."

గాదె వెనక నుంచి గొంతు వినబడింది. "అమ్మ తింటాదా?"

అది తిండి గురించి నన్ను అడిగిన మొదటి మాట.

"తింటాది" అన్నాను.

"కొర్రన్నమే?"

"కొర్రన్నమే. మీ అమ్మ ఈ ఇంట్లో ఉన్నన్నాళ్లు ఇదే తినింది."

అది అబద్ధం కాదు. వరి అన్నం ఇంటి నుంచి వచ్చి ఆమె కూడా ఇక్కడ వీళ్లతో పాటే కొర్రలు, జొన్నలు తినింది. బిడ్డ వచ్చి గూటి కింద నిలబడింది. అందదు దానికి. ఎత్తుకోమని చేతులు చాచింది. ఎత్తుకున్నాను. చాలాసేపు ముద్దను చూసింది. చీర మడతను వేలితో తాకింది. తర్వాత ముద్ద అంచు నుంచి నాలుగు మెతుకులు తీసి నాలుక మీద పెట్టుకుంది.

ఆపాల్సిందా? పద్ధతి ప్రకారం చేయి పట్టుకుని ఆపాల్సిందే. నేను ఆపలేదు. ఆవు ముఖ్యమా, బిడ్డ ముఖ్యమా? ఈ ప్రశ్న ఇప్పుడు ఎవరడిగినా నా జవాబు బిడ్డే. ఆమె నిజంగా ఆ గూట్లో ఉంటే, తన బిడ్డ తింటుంటే అలుగుతుందా? కన్నదా కాదా?

మెతుకులు మింగాక బిడ్డ అడిగింది. "అమ్మ ముద్ద తగ్గలేదే?"

"పోయినోళ్లు వాసన తింటారు. మిగిలింది నీకు పెట్టమంటాది."

అంతే. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఏది వండినా ముందు గూట్లోకి పోయేది. కొంచెమే, ఉసిరికాయంత. బిడ్డను ఎత్తుకుని చూపించేదాన్ని. తింటే తినేది, లేకపోతే లేదు. ఉమ్మితే నేను ఏమీ అనేదాన్ని కాదు. "ఈ పొద్దు అమ్మకు కూడా రుచించలేదేమోలే" అనేదాన్ని. మళ్లీ రెండు రోజులకు అదే పెట్టేదాన్ని. గోంగూర దగ్గర చాలా రోజులు పట్టింది. మొదట ఆకులు తుంచడానికి నా పక్కన కూర్చుంది. తర్వాత ఒక ఆకు నమిలి మొహం వికారంగా పెట్టి నవ్వింది. ఆ నవ్వుకు నేను గోంగూర చేనంతా దానికి రాసిచ్చేదాన్ని. ఇంకొన్నాళ్లకు రొట్టె మీద అద్దుకుని తినింది.

రొట్టెలు చేసేటప్పుడు చిన్న పిండి ముద్ద దానికిచ్చేదాన్ని. అరచేతిలో తట్టి, వంకర టింకర రొట్టె చేసేది. అంచులు పగిలిన ఆ రొట్టె ముందు అమ్మకు, తర్వాత తనకు, మిగిలితే నాకు. నాకు మిగల్చడం మొదలుపెట్టిన రోజు నేను దొడ్లోకి పోయి కళ్లు తుడుచుకున్నాను.

ఇక్కడో చిక్కొచ్చింది. "అమ్మకు ఏదంటే ఇష్టం?" అని అడగడం మొదలుపెట్టింది. నాకేం తెలుసు? నేను ఆమె మొహం కూడా ఎరగను. అత్తను అడిగితే, "అలసందల పులుసు చేస్తే కుండ నాకేది" అంది. లేచి పోతూ, "పిచ్చిది" అంది. నా పెనిమిటి ఆమె మాటే ఎప్పుడూ ఎత్తేవాడు కాదు. ధైర్యం చేసి ఆయన్నీ అడిగాను. తింటున్న చెయ్యి ఆపాడు.

"చెనక్కాయల పచ్చడి. రోట్లోంచే తినేది. నేను అడిగితే అయిపాయె అనేది, కొంగు కింద దాచిపెట్టి."

అంటూ నవ్వాడు. నవ్వి, కంచం ముందు నుంచి లేచి బయటికి పోయాడు. నాకు కడుపులో మండలేదా? మండింది. నేనూ మనిషినే. అయినా మర్నాడు చెనక్కాయల పచ్చడి నూరాను. గూట్లో పెడుతూ, "ఇదో అక్కా, దాచుకోబాక, బిడ్డకు కూడా పెట్టు" అన్నాను. బిడ్డ పకపకా నవ్వింది. ఆ ఇంట్లో పోయినామె గురించి నవ్వుతూ మాట్లాడుకోవడం అదే మొదలు.

అత్తకు ఈ సంగతి తెలియదా? తెలుసు. ఒక రోజు పొలం నుంచి ముందే వచ్చి, బిడ్డ గూట్లో ముద్ద తినడం గడపలో నిలబడి చూసింది. మొహం తిప్పుకుని దొడ్లోకి పోయి కాళ్లు కడుక్కుంది. బిడ్డ తింటోంది కదా, అంతే చాలనుకుంది. బిడ్డ కండ పట్టింది. బుగ్గలొచ్చాయి. సంకటిలో గుంట చేసి పులుసు పోయించుకుని, ఆ పులుసు అంచు తెగకుండా తినడం నేర్చింది. బావి దగ్గర కాకులు కూడా నోళ్లు మూశాయి.

బిడ్డ తల్లి పోయిన తిథి వచ్చింది. ఏటికొకసారి వచ్చే రోజు, కాబట్టి కంభం నుంచి అమ్మమ్మ బండి కట్టించుకుని వచ్చింది. దిగుతూనే మనవరాలిని చూసి రెండు చేతులా ఎత్తుకుని బరువు చూసింది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. నా గడ్డం పట్టుకుంది.

"నీ చెయ్యి మంచిదమ్మీ. నేనే అనుమానపడినా. ఏం పెట్టినావో గానీ బంగారట్ల చేసినావు."

అంతకు మించిన మాట నా జీవితంలో నన్ను ఎవరూ అనలేదు. కొంగు నడుముకు దోపుకుని ఎగిరినట్టు పని చేశాను. అలసందల పులుసు, సంకటి, గోంగూర, చెనక్కాయల పచ్చడి, అమ్మమ్మ తెచ్చిన బియ్యంతో కొంచెం వరి అన్నం, అన్నీ గూటి కింద విస్తట్లో వడ్డించాము. పెద్ద రోజు కదా, గూట్లో చోటు చాలక విస్తరి కింద పరిచాము. అమ్మమ్మ కర్పూరం వెలిగించి ఏడ్చింది. అందరమూ కళ్లు మూసుకున్నాము.

కళ్లు తెరిచేసరికి బిడ్డ విస్తరి ముందు బాసిపట్టు వేసుకుని కూర్చుంది. ఎత్తుకోనక్కర్లేకుండా అంతా అందుబాటులో ఉంది కదా. దాని సంతోషం చూడాలి. వరి అన్నం వైపు కూడా చూడలేదు. సంకటి తుంచి, పులుసులో అద్ది, నోట్లో పెట్టుకుంది. అమ్మమ్మ వైపు తిరిగి గొప్పగా చెప్పింది.

"అమ్మ నాకు పెట్టింది అవ్వా. రోజూ పెడతాది."

అమ్మమ్మ వేసిన కేక నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. బిడ్డ నోట్లో వేలు పెట్టి ముద్ద బయటికి లాగింది. బిడ్డ బెదిరి గుక్కపట్టింది.

"రోజూనా? చచ్చినదానికి పెట్టిన కూడు బిడ్డతో తినిపిస్తాండావా? అది బిడ్డను కూడా పిలుచుకోని పోవాలనా? అందుకా ఇంత ముద్దు చేస్తాండావు? నీ కడుపున పుట్టబోయేదానికి అడ్డం లేకుండానా?"

అప్పటికి నాకు నెల తప్పింది. ఆ సంగతి పొద్దున్నే సంతోషంగా ఆమెకు చెప్పింది మా అత్తే.

"అట్ల కాదు పెద్దమ్మా" అన్నాను. "ఇది ఎవరు పెట్టినా తినలా. వాళ్ల అమ్మ పెట్టిందంటేనే తినింది. మీరే చూస్తిరి గదా, ఎట్ల ఉందో బిడ్డ."

"బలిచ్చే ముందు మేకపోతును కూడా మేపుతారు" అంది ఆమె.

నేను అత్త వైపు చూశాను. ఒక్క మాట అంటే చాలు. నేనూ చూశాను, బిడ్డకు ఏమీ కాలేదు అంటే చాలు. అత్త నేల చూస్తూ, "నాకేం తెలుసమ్మా, నేను పొద్దస్తమానం పొలంలో ఉంటి" అంది. నా పెనిమిటి గుంజకానుకుని నిలబడ్డాడు. పోయినామె అలిగిందేమో, నిజంగానే బిడ్డకు ఏదైనా అవుతుందేమో అని ఆయనకూ భయం పట్టుకుంది. ఆ భయం ముందు నేనెంత? వాళ్ల మీద నాకు ఇప్పటికీ కోపమే. వాళ్లు పోయి ఎన్నేళ్లయినా కోపమే.

అన్నాలు తినకుండానే బండి కట్టించింది ఆమె. నేను పరుగున పోయి రెండు రొట్టెలు గుడ్డలో కట్టి తెచ్చాను. బండి తొట్టిలో పెడితే తీసి కిందికి విసిరేసింది. బిడ్డ ఏడుపు ఆపి, నడవ వైపు వేలు చూపించి అడిగింది.

"అవ్వా, అమ్మను తీసకపోవడం లేదా?"

బండి కదిలింది. అది నా వైపు చేతులు చాచింది, గూటి దగ్గర ఎత్తుకోమని చాచేదే, అట్లాగే. నేను వీధి చివర దాకా బండి వెంట నడిచాను. ఆ పైన నా పెనిమిటి వచ్చి నా భుజం పట్టుకుని ఆపాడు.

కొన్నాళ్లు నాకు వంట చేయబుద్ధి కాలేదు. మా ఆయనకు మేనమామ వరస ఒకాయన చెనక్కాయలు బండికెత్తి కంభం పోతూ వస్తుండేవాడు. అమ్మమ్మ ఇంటి వైపు పోయి చూసి రమ్మని ఆయన్ను బతిమాలాను. తిరిగొచ్చి అరుగు మీద కూర్చుని, మజ్జిగ తాగి, మీసాలు తుడుచుకున్నాడు.

"అన్నం తింటాందా మామా?"

"తింటాందిలే. మళ్లా వరన్నమే గదా." చెంబు పక్కకు జరిపాడు. "తినే ముందు కంచం పక్కన రెండు ముద్దలు తీసి పెడతాంది."

"రెండెందుకు?"

"నేనూ అదే అడిగినా. ఒకటి అమ్మకంట. ఇంకోటి చిన్నమ్మకంట. ముసలామె వీపు మీద రెండు వేసె. బతికున్నోళ్లకు ఎవరన్నా ముద్ద పెడతారా, ఆ మనిషి బతికే ఉందని తిట్టె. అయినా మానలేదంట."

నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను. కళ్ల ముందు లేనివాళ్లకు ముద్ద పెట్టాలని దానికి నేర్పింది నేనే.

"మామా, చిన్నమ్మ బతికే ఉందని నువ్వు చెప్పలేదా?"

"చెప్పినా. మీ చిన్నమ్మ బాగుంది, నిన్ను అడగమనింది అని చెప్పినా. 'అయితే రాదేం?' అనె."

ఆ మాట విన్నాక నేను ఊరుకోలేదు. పోదాం పదమని నా పెనిమిటి వెంట పడ్డాను. వట్టి మనిషివి కాదు కదా అన్నాడు. కొడుకు పుట్టాక, పంట ఇంటికి రానీ అన్నాడు. చివరికి ఆరు నెలల పిల్లోణ్ణి చంకనేసుకుని, గిద్దలూరులో రైలెక్కి నేనే పోయాను. అమ్మమ్మ అరుగు మీదనే కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చింది. బిడ్డ లేదు, మార్కాపురంలో వాళ్ల పెద్దమ్మ ఇంటికి పోయిందని చెప్పింది. చెబుతుండగానే లోపలి గదిలో పిల్ల దగ్గు వినిపించింది. గడియ పెట్టిన తలుపు. ఆ దగ్గు నాకు తెలియనిదా? పిలుద్దామని నోరు తెరిచాను. చంకలో ఉన్న నా కొడుకును అమ్మమ్మ చూసిన చూపుకు నా నోరు పడిపోయింది. ఆ చూపులో పగ లేదు. భయం ఉంది. ఉన్న ఒక్క గింజను కూడా నేను పట్టుకుపోతానేమోనన్న భయం. రొట్టెల మూట అరుగు మీద పెట్టి వచ్చేశాను. కుక్కకు వేసిందో, బిడ్డకు పెట్టిందో నాకు తెలియదు.

ఏళ్లు గడిచాయి. యుద్ధం పోయింది, దొరలు పోయారు. బిడ్డను చూడ్డానికి ఆయన ఒక్కడే ఎప్పుడైనా పోయొచ్చేవాడు. నన్ను మళ్లీ పిలిచింది దాని పెళ్లికే. కన్యాదానం చేయాలంటే తండ్రి పక్కన పీటల మీద కూర్చోవడానికి ఒక ఆడది కావాలి కదా, అందుకు పనికొచ్చాను. దాని చేయి పట్టుకుని పెళ్లికొడుకు చేతిలో పెట్టేటప్పుడు చూశాను. నిండుగా, నిగనిగలాడుతూ ఉంది. నా వైపు మర్యాదగా చూసింది. చుట్టపు మనిషిని చూసినట్టు. "బాగుండారా చిన్నమ్మా" అంది. మూడేళ్లప్పటి సంగతి ఎవరికి గుర్తుంటుంది? దాని తప్పేం లేదు.

బంతిలో పెళ్లికూతురు పక్క ఆకు నాది. అటు పక్క దాని కొత్త అత్త. వడ్డన అయింది. పప్పు, నెయ్యి వేసుకుని అన్నం కలిపింది. తినబోతూ చిన్న ముద్ద తీసి ఆకు పక్కన పెట్టింది. ఇంకో ముద్ద తీసి దాని పక్కనే పెట్టింది.

కొత్త అత్త ముచ్చటగా అడిగింది. "ఎవరికమ్మా అవి?"

"ఒకటి మా అమ్మకు" అంది.

"రెండోది?"

అది కొంచెం ఆలోచించి నవ్వింది. "తెలీదత్తా. చిన్నప్పటి నుంచీ అలవాటు. పెట్టకపోతే నాకు ముద్ద దిగదు."

ఎదురు వరసలో ముసలి అమ్మమ్మ చెయ్యి ఆకు మీద ఆగిపోయింది. తలెత్తి నన్ను చూసింది. ఆమెకు తెలుసు. నాకు తెలుసు. ఇద్దరిలో ఎవరం చెప్పినా అయిపోయేది. ఆమె తల దించుకుంది. నేనూ చెప్పలేదు. పెళ్లిబంతిలో కూర్చున్న పిల్లతో, నువ్వు పోయినోళ్ల పక్కన పెడుతున్న ముద్ద నాదేనని ఎట్లా చెప్పను?

అందరూ చేతులు కడుక్కోవడానికి లేచారు. ఆకులు ఎత్తడానికి నేను వంగాను. దాని ఆకు పక్కన ఆ రెండు ముద్దలూ అట్లాగే ఉన్నాయి. అమ్మ ముద్దను కదపలేదు. రెండోది తీసి నోట్లో పెట్టుకున్నాను. చల్లారిపోయిన పప్పన్నం. నిలబడి, మెల్లగా, అంతా తిన్నాను.